గుమ్మం మీద గీతలు

"ముట్టుకోకు! అది వందేళ్ల గుమ్మం!"

తల్లి కేకకు కూతురి చేతిలోని పెన్సిల్ ఆగిపోయింది.

పాత ఇల్లు కొని లోపలంతా కొత్త హంగులు చేయిస్తున్నారు. వెనకటి యజమానులు ఎవరో గుమ్మం మీద తమ పిల్లల ఎత్తు కొలిచి గీతలు గీశారు. ఇంటి పాతదనమంతా అక్కడే ఉందని, వాటికి అద్దం బిగించమన్నాడు డిజైనర్. వడ్రంగి అద్దంతో సిద్ధంగా ఉన్నాడు.

"నా ఎత్తు కూడా గీయమ్మా."

"పాతవాటి మధ్య కొత్త గీత ఎబ్బెట్టుగా ఉంటుంది పాపా," అన్నాడు డిజైనర్.

"పోనీ, నా గది గోడ మీద?"

"అమ్మో! అది ఖరీదైన రంగు. మరక పడితే పోదు," అంది తల్లి.

పాప కాసేపు గీతలవంక చూసింది. "మరి వీళ్లని వాళ్లమ్మ తిట్టలేదా?"

డిజైనర్ పకపకా నవ్వాడు. "తిట్టుంటే ఇంత అందం మనకి దక్కేదా? ఏమంటారు మేడమ్?"

తల్లి చూపు కూతురి చేతిలోని పెన్సిల్ మీద పడింది. నెలరోజులుగా ఈ ఇంట్లో తాను కూతురితో అన్న మాటల్లో 'ముట్టుకోకు' తప్ప ఇంకొకటి గుర్తుకు రాలేదు.

వడ్రంగిని ఆగమని చెప్పి, పెన్సిల్ అందుకుని, కూతుర్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టింది.

"మేడమ్, ఆ గీత రంగు కలవదు!" డిజైనర్ గోలపెట్టాడు.

ఆమె వినిపించుకోలేదు. కిందకి వంగి చూసి, కూతురి నెత్తిన చిన్నగా మొట్టింది.

"మడమలు దించవే, దొంగా!"