గుడ్డ కట్టిన డబ్బా

లస్మవ్వకు ఊరు అన్యాయం చేసింది. అందులో వాదించడానికి ఏమీ లేదు.

కాలి పుండులో పురుగులు పడి చచ్చిపోయింది. పురుగులు పడి పోతావనడం తిట్లలో చివరి తిట్టు. బతికున్న శత్రువును తిట్టే ఆ తిట్టు, ఊరు చచ్చినదాని మీద వేసింది. మొగుడు సౌదీలో ఉంటే ఇక్కడ ఏం పాపం చేసిందో, లోపలున్నదే పురుగై బయటపడ్డదన్నారు. కాల్చి, ఎముకలు కుండలోకి ఎత్తి, కాటి పక్కన చెట్టుకు కట్టారు. గోదావరిలో కలపడానికి మాత్రం ఒక్కడూ ముట్టలేదు.

మొగుడు నర్సింలు హుఫూఫ్‌లో తాపీ పని చేస్తున్నాడు. చావు కబురు వచ్చేసరికి కువైట్ యుద్ధం మొదలైంది. విమానాలు లేవు. యుద్ధం ముగిశాక విమానాలు వచ్చాయి కానీ, పాస్‌పోర్టు, పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలోంచి బయటికి రాలేదు.

పనివాళ్ల క్యాంపులో వంట చేసే బాలన్నది అదే ఊరు. అతనికి ఊరికి పోయి రావడానికి చుట్టీ దొరికింది.

"బాలన్నా, ధర్మపురి దాక పోయి ఆ బొక్కలు గోదాట్ల కలిపి రా," అన్నాడు నర్సింలు.

బాలన్న గంటె తిప్పడం ఆపలేదు. "పురుగులు పడ్డ మనిషి బొక్కలు నేను ముట్ట. నాకూ పిల్లలున్నరు."

"ఆమె ఏం పాపం చేసింది?"

"నాకేమెరుక? పాపం లేకుంటే పురుగులు యాడికెళ్లి వస్తయి? మొగులు మీదికెళ్లి పడ్డయా?"

నర్సింలు ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. పురుగులు ఎక్కడి నుంచి వస్తాయో ఆ బడిలో ఎవరూ చెప్పలేదు.

క్యాంపు క్లినిక్‌లో కట్లు కట్టే ఖాదర్‌ను అడిగాడు. ఖాదర్‌ది కడప.

"ఈగ వాలి గుడ్లు పెడ్తాది న్నా. ఆ గుడ్లే పురుగులైతాయి. మాంసం తనంతట తాను పురుగును కనదు."

"నువ్వు చెప్పినవంటే బాలన్న నమ్మడు."

"నన్నెందుకు నమ్మాల? రెండు డబ్బాలు తీసుకో. ఒకటే మాంసం, ఒకటే చోటు, ఒకటే ఎండ. ఒకదానికి గుడ్డ కట్టు, ఇంకోటి తెరిచిపెట్టు. తేడా ఆ గుడ్డ ఒక్కటే ఉండాల. నీ కండ్లతో నువ్వు చూడు, ఆయప్ప కండ్లతో ఆయప్ప చూస్తాడు."

మర్నాడే ఖాదర్‌ను ధహ్రాన్‌కు మార్చారు.

ఒప్పందం కుదిరింది. కట్టిన డబ్బాలో పురుగు లేకపోతే బాలన్న బొక్కలు గోదావరిలో కలపాలి. ఉంటే నర్సింలు మళ్లీ ఆ మాట అడగకూడదు. రేపు ఎవడూ మోసం అనకుండా, మాంసం కూడా బాలన్ననే తెమ్మన్నాడు నర్సింలు. బాలన్న బజారు నుంచి మెస్ సరుకులతో పాటు మేక కార్జం తెచ్చాడు. నర్సింలు దాన్ని సగానికి కోసి రెండు పాలపొడి డబ్బాల్లో వేశాడు. కొత్త లుంగీ చింపి, రెండు మడతలు పెట్టి, ఒక డబ్బా మూతికి బైండింగ్ వైరుతో బిగించాడు. రెండింటినీ మరుగుదొడ్ల వెనక గోడ మీద పెట్టాడు.

కువైట్‌లో నూనె బావులు ఇంకా తగలబడుతున్నాయి. ఆ మసి హుఫూఫ్ దాకా వచ్చి ఆరేసిన బట్టల మీద పడుతోంది. దాని కింద కార్జం కుళ్లింది. పచ్చబడింది, నల్లబడింది, నురగ కక్కింది. స్నానానికి పోయేవాళ్లు ముక్కులు మూసుకుని నర్సింలును అమ్మనాబూతులు తిట్టారు.

"పురుగులు చూడాల్నంటే గీ డబ్బాలెందుకే," అన్నాడు పక్క మంచం భూమేష్. "బాలన్న పప్పు గిన్నెల చూడరాదు?"

అందరూ నవ్వారు. నర్సింలు నవ్వలేదు. డ్యూటీ దిగగానే గోడ దగ్గరికే పోయేవాడు. తెరిచిన డబ్బాలో పురుగులు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి. వంగి చూశాడు. లస్మవ్వ కాలును తిన్నవి ఇవే. ఇవి పాపం కాదు, ఈగ పిల్లలు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత అతనికి అన్నం సయించింది.

శుక్రవారం అందరూ వచ్చారు. వైరు నర్సింలే విప్పాడు. గుడ్డ ఎత్తాడు.

లోపల పురుగులున్నాయి. తెల్లగా, బలిసి, ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి.

భూమేష్ పక్కకు పోయి కక్కాడు.

"దీంట్ల జర తక్కువే ఉన్నయి," అన్నాడు బాలన్న. గొంతులో జాలి. "గుడ్డ యాడన్న చినిగిందేమో చూడు."

నర్సింలు గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. ఎక్కడా చినగలేదు. ఈగ దూరలేదు. అయితే లోపలి నుంచే పుట్టాయి. ఊరి మాటే నిజం. ఆమె వండి పెట్టిన అన్నం, ఆమె పక్కన పడుకున్న మంచం గుర్తొచ్చి ఒళ్లంతా కంపరమెత్తింది.

"గోదాట్ల కలుపుడు వద్దు," అన్నాడు. "ఆ కుండ పలగ్గొట్టి మోరీల పొయ్యి."

"గంత పని చెయ్యకు నర్సిం. చెట్టుకే ఉండనియ్యి."

"పొయ్యమన్న."

బాలన్న ఊరికి పోయాడు. చేత్తో ముట్టకుండా కట్టెతో కుండ పగలగొట్టాడు. కట్టెతోనే బొక్కల్ని మురుగు మోరీలోకి నెట్టాడు. చుట్టీ అయిపోగానే తిరిగొచ్చి, పని అయిందని చెప్పాడు.

ఆ తర్వాత ఖాదర్ ఏదో పని మీద క్యాంపుకు వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. నమ్మలేదు.

"అట్లెట్లైతాది న్నా? అంగట్లో కొన్నప్పట్నుంచి గుడ్డ కట్టేదాకా ఆ మాంసం యాడుండె?"

"పొద్దంత వంటరూముల మూత లేకుండ పళ్లెంలనే ఉండె, నేను మాపటికి డ్యూటీ దిగొచ్చి, దాని మీద ముసిరిన ఈగలన్నిటిని తోలినంకనే గుడ్డ కట్టిన, ఇగ దాని ముచ్చట నేను సచ్చేదాక నా ముందట ఎత్తకు," అన్నాడు నర్సింలు.