వెన్నెల నీళ్లు

పెరట్లో పెట్టకోడి గూడు నిండా పేలు పట్టాయి. తొండ కొబ్బరిచిప్పలో నీళ్లు తెచ్చి, "ఇవి వెన్నెల శక్తి పట్టిన నీళ్లు. చల్లితే కంటికి కనిపించని క్రిములన్నీ చస్తాయి. ఇంకా బూడిదలో పొర్లడమేంటక్కా, మోటుగా" అంది.

కోడి నమ్మింది. పిల్లల కోసం కెలికి తీసిన పురుగుల్ని ఆ నీళ్లకు బదులుగా తొండకిచ్చి, బూడిద మానేసి, రోజూ ఆ నీళ్లే చల్లింది. పిల్లలు ఈకలు రాలి, నిలబడలేకపోయాయి.

కోడి నిలదీస్తే, "కనిపించనివి చచ్చాయి కదక్కా" అని తొండ తల ఊపింది.

"కనిపించనివి చచ్చాయని నీకెట్లా తెలిసిందే? కనిపించే పేలు నా పిల్లల నెత్తురు తాగుతుంటే నీళ్లమ్ముతావా, సిగ్గులేదూ?"

కోడి చిప్పను తన్నేసి, పిల్లల్ని బూడిదగుంటలోకి తోలి, రెక్కలతో దులిపింది. పేలు జలజలా రాలాయి. అవి రాలడం తొండకి కూడా కనిపించింది.