రెండో రకం సున్నా

సాయంత్రం నాలుగింటికి లారీ వస్తుంది. గొర్రెల పరిశోధన కేంద్రంలోని రెండు వందల పన్నెండు గొర్రెలనూ కబేళాకు ఎక్కించుకుపోతుంది. పన్నెండేళ్లుగా వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసుకుంటూ వచ్చిన లెక్కల మేడమ్‌కు ఇంకా మూడు గంటలే మిగిలాయి.

తెల్ల ఉన్నిలో నల్ల మచ్చలుంటే మిల్లువాళ్లు ముట్టుకోరు. ఏ పొట్టేలు సంతానంలో మచ్చలు తక్కువో తేల్చి చెబితే మంద నిలుస్తుంది. తేలాలంటే లెక్క కుదరాలి. అదే కుదిరి చావడం లేదు. ఎక్కడ చూసినా సున్నాలు. తల్లికి పది మచ్చలు, తండ్రికి పన్నెండు, పిల్లకు సున్నా! ఎలా నమ్మడం?

"దిక్కుమాలిన బల్బు," అని విసుక్కుని, కంప్యూటర్‌లో అంకెలు ఇంకాస్త పెద్దవి చేసుకుంది. కిటికీ అవతల దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. వాటిలో సగానికి తన చేత్తో సీసా పాలు పట్టింది.

సున్నాలు రెండు రకాలు. మచ్చ లేని సున్నా ఒకటి, మచ్చ ఉండీ కనపడని సున్నా ఇంకొకటి. రెండింటినీ విడదీసేలా లెక్క మార్చి చూసింది. దొంగ దొరికాడు. రెండో రకం సున్నాలన్నీ రెండో నంబరు మనిషివే.

ఈ సంవత్సరం మచ్చలు లెక్కపెట్టింది ముగ్గురు: కాపరి బాబాయి, మందులిచ్చే కాంపౌండరు, మనుషులు చాలక తనూ. ఎదురొచ్చిన గొర్రెను ఎదురొచ్చినట్టు చూసి రాశారు. మొహమాటాలు అడ్డురాకూడదని ఆఫీసులో పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. ఏ నంబరు ఎవరిదో డైరెక్టరు బీరువాలో, సీలు వేసిన కవరులో ఉంటుంది. ఆ పద్ధతి పెట్టింది ఆమే.

బాబాయి టీ తెచ్చి, గ్లాసు ఆమె వేళ్లకు తగిలేలా పెట్టాడు.

"నిజం చెప్పు బాబాయ్. మచ్చలు నీకు కనపడుతున్నాయా?"

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "ఎవరికో కనపడట్లేదని తేలిందా అమ్మా?"

"తేలింది. రెండో నంబరు."

"అయితే అది నేనే. ఆ లెక్కలు కొట్టేయ్. గొర్రెలు బతుకుతాయి."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా! పన్నెండేళ్ల చాకిరీ మట్టిపాలు చేసేవాడివి!" అంది. అంటూనే ఏడ్చేసింది.

రెండో నంబరు కాగితాలు తీసేయగానే లెక్క ఇట్టే కుదిరింది. మూడున్నరకు డైరెక్టరు కబేళాకు ఫోన్ చేసి లారీ వద్దన్నాడు. తప్పుడు లెక్క రాశానని ఒప్పుకున్నవాణ్ణి ఉంచుకోలేమనీ అన్నాడు. బాబాయి రాజీనామా మీద సంతకం పెట్టి, కర్రా దుప్పటీ అందుకున్నాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. "కళ్ల డాక్టరుకు చూపించుకో బాబాయ్."

"నువ్వూ తోడు రా అమ్మా. ఇద్దరం వెళ్దాం."

"నాకు తీరికేది?"

ఆయన గేటు దాటాక, ఫైల్లో పెట్టాలి కదా అని డైరెక్టరు తన గదిలో ఆ సీలు కవరు చింపి, చీటీ ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పట్టుకుంది. మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"మీ గదిలోనూ ఇదే చీకటా? లైటు వేయండి సార్."

"వేసే ఉందమ్మా," అంటూ ఆయన చీటీ వెనక్కి తీసుకుని, చదవబోయి ఆగి, మెల్లగా అన్నాడు, "రెండో నంబరు మీరేనమ్మా."