రంగి చెప్పిన పేరు

“ఉచ్చు నీదా కాదా, ఒక్క ముక్క చెప్పు.”

తండా అంతా చూస్తుండగా రంగి తన మరిది ఫకీరాను నిలదీసింది. ఆమె చేతిలో బండి బ్రేకువైరుతో మెలేసిన ఉచ్చు. దానికి ఎండిన నెత్తురు, పసుపుపచ్చని వెంట్రుకలు. పొద్దున కట్టెలకు పోయిన ఆడవాళ్లకు గుట్ట అంచున దొరికింది. చిరుతపులి మాత్రం లేదు. ఈడ్చుకుపోయిన జాడ మట్టిబాట దాకా వచ్చి ఆగిపోయింది.

“నాది గాదు వదినె. పందులకని పోయినేడు పెట్టింది నిజమే. నువ్వు తియ్యమన్ననాడే తీసేసిన.”

“నిరుడు నీ మూడు మేకలు పోయినయని, దాన్ని సంపుతనని ఒట్టేసింది నువ్వు గాదా?”

“కోపంల అన్న. గంతే.”

రంగి నమ్మలేదు.

ఏడాది కింద చిరుత మేకల మీద పడ్డప్పుడు, మందు పెట్టి చంపేద్దామని తండా అంతా ఒక్క మాట మీదుంది. ఆ వారమే ఫారెస్టు శ్రీకాంత్ సారు వచ్చాడు. రంగి ఇంట్లో జొన్నరొట్టె తిని, “అక్కా, దాన్ని బతకనియ్యుండ్రి. మీరూ బతుకుతరు” అన్నాడు. మేకల దొడ్లకు పైన కూడా ఇనుప జాలీ కొట్టించాడు. పొద్దు గూకకముందే మందను తోలుకురమ్మన్నాడు. కట్టెలకు ఒంటరిగా పోవద్దు, గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ పొమ్మన్నాడు. చచ్చిన గొడ్డును తండా పక్కన పారేయొద్దన్నాడు. రంగి ఇల్లిల్లూ తిరిగి, తిట్లు తిని, అందరినీ ఒప్పించింది. ఆ తర్వాత ఒక్క మేకా పోలేదు. “నీ పులి మంచిదే వదినె” అని ఫకీరా కూడా నవ్వాడు.

నవ్వుతూనే గొంతు కోశాడని ఇప్పుడామె కడుపు మండిపోతోంది. సారుకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పొద్దుటి నుంచి ఎన్నిసార్లు కొట్టినా ఆయన ఫోను కలవడం లేదు. చివరికి తండా పెద్ద మిర్యాలగూడ ఫారెస్టు ఆఫీసుకు కబురు చేశాడు.

రేంజరు నర్సింగరావు జీపు దిగి, “ఎవరి మీదన్నా అనుమానం ఉందా?” అనడిగాడు.

రంగి ముందుకొచ్చింది.

“ఫకీరా. నా మరిదే సార్.”

జీపెక్కేటప్పుడు ఫకీరా వెనక్కి తిరిగి చూశాడు. “ఇన్నేండ్ల సంది నన్ను గింతేనా వదినె సూసింది?”

ఆమె మొహం తిప్పుకుంది. సిబ్బంది అతన్ని తీసుకుపోయారు. తన చేతుల మీద పెరిగినవాడు. అయినా చేసింది తప్పే కదా అని గుండె రాయి చేసుకుంది.

రేంజరు వాకిట్లో మంచం మీద కూర్చుని పంచనామా రాస్తూ, దొడ్ల వైపు చూశాడు.

“మంచిగ కట్టుకున్నరమ్మా. ఎవరు నేర్పిన్రు?”

“ఇంకెవలు, మీ శ్రీకాంత్ సారే. దేవుడసుంటోడు. పులి కనవడితే తరమొద్దు, నాకు ఫోన్ కొట్టమన్నడు. ఏ బాటకు పోతది, ఏ యాళ్లకు నీళ్లకొస్తది, అన్ని అడుగుతుండె. పదకొండు సార్లు చెప్పిన. మొన్న గుట్ట అంచుకు తిరుగుతుందని సుత నేనే చెప్పిన.”

నర్సింగరావు పెన్ను ఆగిపోయింది.

“మా ఆఫీసులో శ్రీకాంత్ ఎవరూ లేరమ్మా.”