ఆస్పత్రి చీటీ

విజయనగరం పవర్‌లిఫ్టింగు పోటీల్లో స్టాండు విరిగి, బరువంతా నా మోకాలి మీద పడింది. తెలివి తప్పిపోయేను.

పోటీలు పెట్టినోళ్ల మీద కేసేద్దామంటే, ముగ్గురు లాయర్లు ఆస్పత్రి చీటీ చదివి తిరిగి నా చేతిలో పెట్టేసేరు. అందులో "బాత్రూంలో జారిపడినది" అని రాసుంది!

"ఆ డాక్టరుకీ బుర్ర లేదు, ఈ లాయర్లకీ లేదు," అని ఆటోలో దారి పొడుగునా నాన్న తిట్టేడు. నేనూ గొంతు కలిపేను.

నాలుగో లాయరమ్మ చీటీ తిరిగివ్వలేదు.

"డాక్టరేమీ కలగని రాయలేదు కదమ్మా. పోలీసు కేసవకుండా ఈ మాట చెప్పి రాయించిందెవరు?"

ఆరోజు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది నాన్నొక్కడే.

నాన్న గబుక్కున నా చంకకర్రలు అందుకున్నాడు. "లెగే సుహాసినీ, పోదాం. ఈవిడకీ బుర్ర లేదు."

నేను లేవలేదు.