తడిసిన బొమ్మల పుస్తకం

నీళ్ళ సీసా మూత సరిగ్గా బిగించలేదు. జరిగింది అంతే.

హిమబిందు వంటింట్లోంచి వచ్చేసరికి సీసా బల్ల మీద ఒరిగి ఉంది. పక్కనున్న కామిక్ పుస్తకం నీళ్ళు పీల్చుకుని ఉబ్బిపోయింది.

అది భర్త సాయిచరణ్‌ది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఏలూరు బస్టాండులో కొనిచ్చింది. ఆయన పోయాక దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్రాణంలా దాచుకున్నాడు. ఆ ఉదయం విశాఖపట్నం ట్రైనింగుకి వెళుతూ, ఒకసారి తిరగేసి, హడావుడిలో బల్ల మీదే వదిలేశాడు.

ఆదివారం తిరిగొస్తాడు.

కోప్పడినా బాగుండును. సాయిచరణ్ కోప్పడడు. మాట్లాడకుండా ఆ పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోతాడు. భర్త కోపం కన్నా ఆ మౌనమంటేనే హిమబిందుకి భయం.

పాత కామిక్సు దాచుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగింది. ఎవరో ఒక నంబరు ఇచ్చారు.

"ముదినేపల్లిలో రామమూర్తి గారని, రిటైరైన డ్రాయింగు మాస్టారండీ. పాత పుస్తకాలు శుభ్రం చేసి, ముడతలు పోయేలా ప్రెస్ చేయడంలో దిట్ట."

ముందు ఫొటోలు పంపి, తర్వాత ఫోన్ చేసింది.

"ఆ పని మానేశానమ్మా" అన్నారాయన.

"ఇది పాడైతే మావారికి మొహం చూపించలేనండీ."

"కంగారు పడకండి. నేను చెబుతాను, మీరు చేయండి. ఎలా ఉంది పుస్తకం?"

"ఫొటోలు పంపాను కదండీ, చూశారా?"

"ఫొటోలెందుకమ్మా? మీ చేతిలోనే ఉందిగా. మీరే చూసి చెప్పండి."

చెప్పింది. అట్ట అలల్లా లేచింది. ముందు పేజీలు ముడతలు పడ్డాయి. మూలన ఎప్పటిదో మట్టి మరక.

"పేజీకీ పేజీకీ మధ్య తెల్లకాగితం పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టండి. ఇస్త్రీ పెట్టె జోలికి ఇప్పుడే పోవద్దు. పాత వారపత్రికలు తడిపి ఆరబెట్టి, ముందు వాటిని ఇస్త్రీ చేసి చేయి అలవాటు చేసుకోండి."

మొదటి పత్రిక మాడింది.

రెండోదాని అట్ట మీది రంగు ఊడి ఇస్త్రీ పెట్టెకి అంటుకుంది. హిమబిందుకి ఏడుపొచ్చింది.

"మధ్యలో బటర్ పేపరు వేశారా?" అన్నారు మాస్టారు.

"లేదండీ."

"అదీ సంగతి! వేడి కూడా తగ్గించండి. పట్టుచీరకి పెట్టేంత కూడా ఉండకూడదు."

మూడోది పలకలా చదునుగా వచ్చింది.

అప్పుడిక అసలు పుస్తకం. ఆయన చెప్పినట్టే పెన్సిలు రబ్బరు తురిమి, ఆ పొడిని మరక మీద వేలికొసతో సున్నాలు చుట్టినట్టు తిప్పింది. మరక కాస్త కాస్తగా వదిలింది.

"ఒక పేజీని ఫోను దగ్గర విదిలించండమ్మా."

విదిలించింది.

"ఇంకా తడుంది. పెళపెళమనాలి."

మర్నాడు పెళపెళమంది.

"ఇప్పుడు రంగు ఎక్కడైనా చెదిరిందేమో, ఒక్కొక్క బొమ్మా చెప్పండి."

"యువరాజు కోటగోడ ఎక్కుతున్నాడండీ. కింద ఎర్ర గుర్రం. కాపలావాళ్ళ చేతుల్లో దివిటీలు."

"మంట పసుపా, నారింజా?"

"నారింజండీ."

"బాగుంది, బాగుంది. తర్వాత?"

"తడిసింది అక్కడిదాకేనండీ."

"అయినా చెప్పండమ్మా. తర్వాతి పేజీలో ఏముంది?"

హిమబిందు ఫోను వంక చూసింది. పంపిన ఫొటోలు ఆయన ఇప్పటికీ తెరవనే లేదు. తెల్లారితే ఆదివారం. గుండెల్లో దడ కాస్తా నోట్లోంచి బయటపడింది.

"నా కంగారులో నేనుంటే, మీకు కాలక్షేపం కావలసి వచ్చిందా మాస్టారూ? ఒక్క ఫొటో చూడరు గానీ, కథలు చెప్పమంటారు!"



"తప్పేనమ్మా" అన్నారాయన మెల్లగా. "పైనా కిందా బటర్ పేపరు పెట్టి, సన్నటి వేడి మీద ఒత్తండి. పైన నున్నటి చెక్క, దాని మీద బియ్యం బస్తా. పూర్తిగా చల్లారేదాకా తొంగి చూడకండి. తొందరపడితే మళ్ళీ లేస్తుంది."

ఆమె సరేనని కూడా అనకుండా ఫోన్ పెట్టేసింది.

ఆదివారం సాయిచరణ్ బ్యాగు దించకముందే జరిగిందంతా చెప్పేసింది. అతను పుస్తకం తీసి పేజీ పేజీ తిప్పాడు.

"కొన్నప్పుడు కూడా ఇంత చదునుగా లేదు" అని నవ్వాడు. "ఎవరు నేర్పారు నీకు?"

చెప్పింది. తను ఆయన్ని కసురుకున్న సంగతీ చెప్పింది.

"వెళ్ళి చూపించి వద్దాం. సంతోషిస్తారు."

ఫోన్ చేయడానికి ఆమెకి మొహం చెల్లలేదు. ఎదురుగా నిలబడే క్షమాపణ అడగాలనుకుంది. అతనికి సెలవు దొరికేసరికి నెల దాటింది.

కొల్లేరు మీదుగా, చేపల చెరువుల గట్ల పక్కనుంచి మోటారుసైకిలు మీద ముదినేపల్లి చేరారు. తలుపు తీసినావిడ రామమూర్తి గారి భార్య జానకి.

"మాస్టారున్నారాండీ?"

"పోయారమ్మా. పది రోజులైంది. నిద్రలోనే."

హిమబిందు చేతిలో పుస్తకం బరువెక్కింది.

"ఏలూరు నుంచి వచ్చామండీ. నా పేరు హిమబిందు. మాస్టారు నాకు ఫోనులో..."

జానకి గారు ఆమె చేయి పట్టుకున్నారు. "మీరేనా అమ్మా? ఆ నాలుగు రోజులూ ఇంట్లో మీ మాటే."

"ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నానండీ. ఇది చూపించి, క్షమించమని అడుగుదామని..."

"ఆయనేమీ అనుకోలేదు తల్లీ" అన్నారు జానకి గారు, పుస్తకం అట్టని అరచేత్తో నిమురుతూ. "షుగరుతో చూపు పోయాక, ఆయనకి మళ్ళీ బొమ్మలు చూపించింది మీరొక్కరే."