నూటికి ఎందరు?

"అడగకుండనే రాస్తాండ్రేంది సారూ?" అన్నది అనసూర్య.

జనాభా లెక్కలు రాస్తున్న లింగమూర్తి కలం ఆగింది.

1981 ఫిబ్రవరి. వరంగల్ కొత్తవాడ. బడిపంతులు అయిన పాపానికి ఆ వాడకట్టు లెక్క అతని నెత్తిన పడింది. పొద్దుటి నుంచి ప్రతి ఇంటి ముందూ నిలబడి, మగవాళ్ళ పని మాత్రం అడిగి, ఆడవాళ్ళ గడుల్లో ఒకటే మాట నింపుకుంటూ వచ్చాడు: పని లేదు.

ఈ ఇంట్లో ఎవరినీ అడగనే లేదు. అరుగు మీద కూర్చుని అనసూర్య పేరు, వయసు, చదువు చకచకా వేసేశాడు. తర్వాత అదే మాట.

"ఏం రాసిండ్రు?"

"మామూలే. పని లేదని."

అనసూర్య చెయ్యి అప్పుడు రాట్నం మీద ఉంది. మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. వంట ముగించి కూర్చున్న మనిషి ఇంకా లేవలేదు. లోపల మగ్గం మీద ఆమె మామ వెంకట్రాజం నేస్తున్నాడు. ఆయన గడిలో మాత్రం 'నేత పని' అని ఉంది.

"వాడకట్టుల అందర్ని 'ఏమమ్మా' అని పిలిచి మాట్లాడిండ్రట. నన్నెందుకు పిలుస్తలేరు?"

లింగమూర్తి దగ్గాడు. పిట్టగోడ అవతల పక్కింటి రాములవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలు ఈ లెక్క ఎందుకు సారూ?"

"నూటికి ఎంతమంది పని చేస్తాండ్రో తేలాలె. అది పెరిగితే దేశం బాగుపడ్డట్టు, తగ్గితే చెడ్డట్టు. ఢిల్లీల కూసున్నోళ్ళు దాన్ని చూసే చెప్తరు."

"అంటే నేను ఇంట్ల కూసుండి దేశాన్ని చెడగొడ్తాన్నట్టు."

"అట్ల కాదు. ఆడోళ్ళు చేసేది పని కిందికి రాదు."

"మామ చేసేదేమో వస్తది."

"ఆయన మగ్గం మీద ఉన్నడు గద."

"మంచిది" అని అనసూర్య రాట్నం ఆపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పని లేని మనిషి ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది.

లింగమూర్తికి దాహం వేసింది. మంచినీళ్ళు అడిగాడు.

"కుండ ఆడనే ఉన్నది."

అతనే లేచి వెళ్ళి, ముంచుకుని తాగి వచ్చాడు. ఆ లోపు మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"కండెలేవి బిడ్డా?" లోపలి నుంచి వెంకట్రాజం కేక.

"లేవు మామా. నాకు పని లేదని జనాభా లెక్కల సారు రాసిండు."

"ఆని తెలివి మండ. కండె లేకుంటే నేనేం నేస్త? ఎవడే ఆ సారు?"

అనసూర్య లింగమూర్తి వైపు తిరిగింది.

"ఇన్నరు గద. ఇప్పుడు ఈ ఇంట్ల పని చేసేటోళ్ళు నూటికి సున్న. రాస్కోండ్రి."

"జర సమజ్ చేసుకో. కొట్టివేతలు ఉండొద్దన్నరు పై ఆఫీసర్లు."

"అయితే కొత్త కాయితం తీయుండ్రి. మొదటిసంది అన్ని అడుగుండ్రి. ఒక్కటి గూడ ఇడువద్దు. అందాక రాట్నం తిరగదు. పొయ్యి గూడ అంటుకోదు."

ఆ చివరి మాటకు లింగమూర్తి కొత్త కాగితం తీశాడు.

పేరు అడిగాడు. చెప్పింది. వయసు అడిగాడు. ఇందాక అతను వేసిన దానికి రెండేళ్ళు తక్కువ చెప్పింది. అలాగే రాశాడు. పని అడిగాడు.

"మగ్గానికి కండెలు చుడుత."

గుండ్రటి అక్షరాల్లో అదీ రాశాడు. ఆమె వంగి చదువుకుని, చుట్టి పక్కన దాచిన ఒక కండెను లోపలికి విసిరింది. మగ్గం మళ్ళీ మొదలైంది.

"అయిపోయింది" అంటూ లింగమూర్తి లేవబోయాడు.

"యాడ అయిపోయింది? భర్త పేరు అడుగలే."

లింగమూర్తి పిట్టగోడ వైపు చూశాడు. ఆ వాడకట్టులో పెళ్ళైన ఆడది ఆ పేరు నోటితో పలకదు. ఎవరైనా అడిగితే తల వంచుకుంటుంది, పక్కింటివాళ్ళు అందిస్తారు. పొద్దుటి నుంచి సగం మంది మొగుళ్ళ పేర్లు రాములవ్వే అందించింది. ఈసారి ఆమె పెదవి విప్పలేదు.

"అది నేను తర్వాత రాసుకుంట."

"అడుగుండ్రి."

అతను మళ్ళీ చతికిలబడ్డాడు. "భర్త పేరు?"

అనసూర్య తల వంచుకోలేదు.

"లింగమూర్తి" అన్నది పెళ్ళయ్యాక మొదటిసారి, అతని కళ్ళలోకే చూస్తూ, "బడిపంతులు, ఇగో నా ముంగటనే కూసున్నడు."